గోదావరి మధ్యలో నుయ్యి

చిన్నారులూ,

మొన్న రైల్లో గోదావరి దాటుతుంటే మీలో ఒకరు అడిగారు, "తాతయ్యా, ఇన్ని నీళ్ళలో స్తంభాలు ఎలా కట్టారు? నదిని ఆపేశారా?" అని. చెప్పబోయేలోగా స్టేషన్ వచ్చేసింది.

నదిని ఎవరూ ఆపలేదమ్మా. నది మధ్యలో నుయ్యి తవ్వారు.

నా చిన్నప్పుడు మా పెరట్లో నుయ్యి తవ్వించారు. మాది ఇసుక నేల. ఊరికే గొయ్యి తవ్వితే పక్కలు కూలిపోతాయి. అందుకని మేస్త్రీ ముందుగా నేల మీద ఒక పెద్ద వర, అంటే నూతికి గోడలా ఉండే గుండ్రటి చుట్టు, నిలబెట్టాడు. ఒక మనిషి అందులోకి దిగి, వర అంచు కింద మట్టి తవ్వి తట్టలో పైకి పంపేవాడు. కింద మట్టి పోయేకొద్దీ వర తన బరువుకి తనే దిగేది. దాని మీద ఇంకో వర. బడి నుంచి రాగానే పుస్తకాలు అరుగు మీద పడేసి అక్కడికే పరిగెత్తేవాణ్ణి. ఒకరోజు వర ఓ పక్కకి ఒరిగింది. ఇంట్లో అందరికీ కంగారు. మేస్త్రీ మాత్రం తొణక్కుండా, ఎత్తుగా ఉన్న పక్క ఇంకాస్త మట్టి తీయించాడు. సాయంత్రానికి వర నిటారుగా కూర్చుంది! నీళ్ళు పడ్డాక మా నాయనమ్మ పసుపూ కుంకుమా వేసి మొదటి చేద తోడింది.

వంతెనకీ ఇదే పని, కాకపోతే చాలా పెద్దది. నీళ్ళు తగ్గిన కాలంలో, అడుగున ఇనప అంచు ఉన్న భారీ వరని ఇసుకలో నిలబెడతారు. పైన గోడ కట్టుకుంటూ, లోపల ఇసుక తోడుకుంటూ పోతారు. ఆ లోతు నీళ్ళలో మనిషి తవ్వలేడు కాబట్టి, క్రేనుకి వేలాడే ఇనప తొట్టి అడుగు తెరుచుకుని ఇసుకను పట్టి తెస్తుంది. వర ఒరిగితే ఇక్కడా మా మేస్త్రీ ఉపాయమే. మన నూతిలో జల పడగానే ఆపేస్తాం. వీళ్ళు అక్కడ ఆగరు, ఇంకా ఇంకా దిగుతారు. చాలినంత లోతు వెళ్ళాక అడుగున కాంక్రీటు పోసి, లోపల నింపి, మూత వేసి, దాని మీద స్తంభం లేపుతారు.

అంత లోతు ఎందుకంటే, వరదలో గోదావరి పైన పొంగడంతో ఊరుకోదు, అడుగున ఇసుకనూ కోసుకుపోతుంది. స్తంభం మొదట్లో నీళ్ళు సుడి తిరిగి గొయ్యి చేస్తాయి. పునాది ఆ గొయ్యి కంటే కిందికి లేకపోతే ఎంత పెద్ద రాతి స్తంభమైనా పడిపోతుంది.

రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది. 1900కల్లా దాని మీద రైళ్ళు నడిచాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య 150 అడుగులు, అలాంటి ఖాళీలు 56. మొత్తం రెండున్నర కిలోమీటర్లకు పైనే! కట్టించిన ఇంజనీరు వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టించినాయన. ఆయన్ని తలుచుకున్నప్పుడు ఇసుక తోడిన కూలీల్ని కూడా తలుచుకోండి. 1997 దాకా ఆ వంతెన మీద రైళ్ళు తిరిగాయంటే అందులో వాళ్ళ కష్టమూ ఉంది.

దాని దగ్గర్లోనే ఉన్న కొత్త ఆర్చి వంతెనలో ఖాళీలు 28 మాత్రమే, ఒక్కొక్కటీ 97 మీటర్లకు పైనే. నది మాత్రం అదే. ఈ ఎండాకాలం వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి రెండిటినీ పక్కపక్కన చూడండి. అన్ని స్తంభాలు తగ్గించడానికి పైనున్న ఆ కమాను ఏం సాయం చేస్తోందో ఆలోచించి, మీకు తోచింది బొమ్మ వేసి నాకు పంపండి.

మీ తాతయ్య