గుడ్లు పెట్టినా పిల్లలు కాని రొయ్య

నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ ఊరి చెరువులో చేపలు పట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఊరి వరసలో నాకు మామ అవుతాడు. పోయిన యాసంగిలో కట్ట మీద వల విదిలిస్తూ ఒక రొయ్యను నా చేతిలో పెట్టాడు. జానెడు పొడవుంది. పొట్ట కింద నారింజ రంగులో గుడ్ల ముద్ద.

"ఇట్ల గుడ్లు మోస్తయ్ అల్లుడా. ఇరవై రోజులల్ల అవి బూడిద రంగుకు తిరుగుతయ్. గని పిల్లలు మాత్రం ఎన్నడు కండ్ల పడలే. మన చిట్టి రొయ్యలేమో ఎవ్వరు పొయ్యకున్నా ఏటేటా పుడ్తయ్. గిదేంది?"

ఆయన బడికి పోయింది రెండేళ్లే. కానీ ఇదే చిక్కుముడి ఒకప్పుడు శాస్త్రవేత్తలనూ తిప్పలు పెట్టింది. మంచినీటి రొయ్య పిల్లలు మంచినీళ్లలోనే ఎందుకు చచ్చిపోతున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1960ల మొదట్లో మలేసియాలో పనిచేస్తున్న షావో వెన్ లింగ్ ఆ ముడి విప్పాడు. వాటికి కావాల్సింది ఉప్పు.

మామ చేతిలోది నీలకంఠ రొయ్య. పెరిగేది ఏటి నీళ్లలో, పుట్టేది మాత్రం ఏరు సముద్రంలో కలిసే చోట. తల్లి గుడ్లు మోసుకుంటూ ప్రవాహం వెంట కిందికి పోతుంది. పుట్టిన పిల్లలు తలకిందులుగా ఈదుతూ, ఉప్పూ మంచీ కలిసిన నీళ్లలో పదకొండు దశలు దాటాక రొయ్య రూపానికి వస్తాయి. అప్పుడు అడుగున పాకుతూ మళ్లీ పైకి ఎదురెక్కుతాయి. మన చిట్టి రొయ్యల పద్ధతి వేరు. అవి పెట్టేది కొద్ది గుడ్లే అయినా పెద్దవి పెడతాయి. ఆ గుడ్డులోని ఆహారంతోనే పిల్ల చాలావరకు ఎదిగి బయటపడుతుంది. అందుకే దానికి సముద్రంతో పనిలేదు.

పాఖాల చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకిన నీళ్లు మున్నేటిలో పడి కృష్ణకు పోతాయి. రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు గోదావరికి పోతాయి. ఆ నీళ్లతో తల్లి రొయ్య దిగిపోయినా దాని పిల్లలు తిరిగి ఇక్కడికి ఎక్కిరావడం కుదరని పని. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఉంది, గోదావరికి అడ్డంగా ధవళేశ్వరంలో 1852 నుంచే ఆనకట్ట ఉంది. కాబట్టి ప్రతి ఏడూ కోస్తాలో గుడ్ల నుంచి పిల్లలు తీసే హ్యాచరీల నుంచి ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు రావాల్సిందే.

"మరి చెర్ల ఉప్పు పోస్తే?" అన్నాడు మామ. లెక్క వేశాం. పిల్లలకు లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పు ఉండాలి. చెరువులో పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లుంటే 12 వేల టన్నులు పోయాలి. అంటే ఇరవై టన్నుల లారీలు ఆరు వందలు! అందులో ఆరో వంతు ఉప్పుకే వరి దెబ్బతినడం మొదలవుతుంది. మామ ఆయకట్టు వైపు చూసి నవ్వాడు.

వరీ రొయ్యా ఒకే మడిలో పెరిగే చోటు లేకపోలేదు. కేరళలో ఎర్నాకుళం చుట్టుపక్కల పొక్కాలి పొలాలున్నాయి. జూన్ వానలకు ఉప్పు కడుక్కుపోగానే వరి వేస్తారు. కోతప్పుడు వెన్నులు మాత్రమే కోసి గడ్డిని నీళ్లలోనే వదిలేస్తారు. అది కుళ్లి రొయ్యకు మేత అవుతుంది. నవంబర్ నుంచి సముద్రపు పోటు నీళ్లతో రొయ్య పిల్లలు తూముల గుండా వాటంతటవే లోపలికి వస్తాయి. రొయ్యల మలం మళ్లీ వరికి ఎరువు. అక్కడా ఇప్పుడు కూలీలు దొరకడం కష్టమై, రొయ్యలో డబ్బు ఎక్కువై, వరిని వదిలేసి ఏడాదంతా రొయ్యే పెంచుదామనేవాళ్లకూ వరి ఉండాలనేవాళ్లకూ పడటం లేదు.

పొక్కాలి రైతు పురుగుమందు కొట్టడు. రొయ్యకు పురుగుతో దగ్గరి చుట్టరికం. పురుగు నరాలను పడగొట్టే మందు రొయ్య నరాలనూ వదలదు. మన దగ్గర చిక్కంతా ఇక్కడే ఉంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు ఆయకట్టు నీళ్లు దిగేది కింది చెరువులోకే. వరి మడిలో చల్లిన పురుగుమందు గుళికలు, పత్తి చేనుకు కొట్టిన మందు తొలి పెద్దవానకు చెరువులో పడతాయి. ఎదురెక్కే చేపల కోసం ఊరంతా బుట్టలు పట్టుకుని మత్తడి కిందికి ఉరికేది కూడా ఆ వానకే. ఆ చేపల గుంపులు ఇప్పుడు చాలా పల్చబడ్డాయి.

నీళ్ల లెక్క వేరే మనిషి చేతిలో ఉండేది. ఆయన నీరటి. తూము ఎంత లేపాలి, ఏ మడికి ఎప్పుడు విడవాలి, ఎండాకాలానికి చెరువులో ఎంత మిగల్చాలి అన్నది ఆయనే చూసుకునేవాడు. కూలి కింద రైతులు కల్లం దగ్గర వడ్లు కొలిచి ఇచ్చేవారు. అడుగున మిగిలిన ఆ మడుగులోనే కొర్రమీను బతికేది. ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీ తండ్రీ కావలి తిరగడాన్ని మామ దూరం నుంచే గుర్తుపడతాడు. బోర్లు వచ్చాక నీరటి అవసరం తగ్గింది, వడ్లు కొలవడమూ ఆగింది. నిజం చెప్పాలంటే ఆ పనిలో గౌరవం కన్నా వెట్టి ఎక్కువ. ఆయన కొడుకు హైదరాబాద్ పోయాడంటే నేను తప్పు పట్టను.

2015లో తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలై చాలా చెరువుల పూడిక తీశారు. 2016 నుంచి చేప పిల్లలు, ఆ తర్వాత కొన్ని చోట్ల రొయ్య పిల్లలు ఉచితంగా పోస్తున్నారు. బొచ్చె, రవ్వ చేపలదీ రొయ్య లాంటి కథే. నిలిచిన నీళ్లలో అవి గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇచ్చి ఈ కార్ప్ జాతి చేపలతో గుడ్లు పెట్టించకపోతే ఈ పంపిణీ ఉండేదే కాదు. పిల్లలు వస్తున్నాయి సరే, ఎండాకాలం వాటికి నీళ్లు ఎవరు మిగల్చాలి? శిఖంలో (చెరువు లోపలి భూమిలో) మోటార్లు పెట్టిన రైతులకు యాసంగి వరి ఎండకూడదు. మత్స్య సహకార సంఘానికి రొయ్య చావకూడదు. సంఘంలో ఎవరికి సభ్యత్వం ఉండాలన్నది మళ్లీ చేపలు పట్టే కులాలైన ముదిరాజులకూ గంగపుత్రులకూ మధ్య వేరే పంచాయితీ.

మేం మాట్లాడుతుండగానే అవతలి ఒడ్డున మోటారు మోగింది. మామ రొయ్యను బుట్టలో వేసుకుని, థర్మాకోల్ తెప్ప ఎక్కి, నీళ్లెంత తగ్గాయో చూడటానికి తూము వైపు పోయాడు.