ఐకాన్ మీద పేరుకున్న మసి: రష్యన్ కళ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు కళాచరిత్ర చెప్పడం నా పని. రష్యా పాఠం మొదలయ్యే రోజు ముందు వాళ్ళనే అడుగుతాను, ఏం గుర్తొస్తుందని. ప్రతి ఏడాదీ అవే జవాబులు: ఉల్లిపాయ గుమ్మటాలు, బొమ్మలో బొమ్మ, సుత్తీ కొడవలీ, ఒక నల్ల చతురస్రం. నా వయసువాళ్ళయితే 'సోవియట్ భూమి' పత్రికను కూడా చేరుస్తారు. నోటు పుస్తకాలకు అట్టలేసుకోవడానికి ఆ నున్నటి కాగితాన్ని మించింది లేదు మరి. ఈ జాబితాలో ఏదీ అబద్ధం కాదు. కానీ వాటి చుట్టూ అల్లుకున్న కథల్లో చాలావరకు తర్వాత పూసిన పూతే.

అపోహ: రష్యన్ ఐకాన్లు, అంటే చర్చిల్లో, ఇళ్ళల్లో పూజించే పవిత్ర చిత్రాలు, చీకటి బొమ్మలు, దిగులు మొహాలు.

పందొమ్మిదో శతాబ్దంలో చదువుకున్న రష్యన్లు కూడా ఇలాగే అనుకున్నారు. అసలు సంగతి పైన పూసే నూనెలో ఉంది. చెక్క పలక మీద సుద్దా జిగురూ కలిపిన తెల్లటి పూత వేస్తారు. దాని మీద గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగులు. చివర్లో మెరుపు కోసం ఒలీఫా, అంటే కాచిన అవిసె నూనె. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఈ నూనె నల్లబడుతుంది, కొవ్వొత్తుల మసి దానికి తోడవుతుంది. బొమ్మ కనపడకపోతే ఇంకో చిత్రకారుణ్ణి పిలిచి పాతదాని మీదే మళ్ళీ వేయించేవారు. ఆ పైన ముఖాలూ చేతులూ మాత్రం కనిపించేలా వెండి బంగారు రేకు తొడుగు.

ఆండ్రేయ్ రుబ్ల్యోవ్ 15వ శతాబ్దం తొలినాళ్ళలో వేసిన 'త్రిమూర్తి' (ట్రినిటీ: బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు దేవదూతల బొమ్మ) ఐకాన్ గతి కూడా ఇదే. 1904లో వసీలీ గుర్యానోవ్ ఆ రేకు విప్పి, పూతలు ఒక్కొక్కటిగా తీస్తూ పోతే లోపల లేత నీలం, పచ్చ, బంగారు పసుపు బయటపడ్డాయి. తమాషా ఏమిటంటే, శుభ్రం చేసిన ఆయనే ఆగలేక కొన్నిచోట్ల మళ్ళీ రంగులు దిద్దాడు. రేకు కూడా తిరిగి తొడిగేశారు! విప్లవం తర్వాత, 1918లో మళ్ళీ శుభ్రం చేశాకే రుబ్ల్యోవ్ చేతిపని చాలావరకు కనపడింది.

తేదీలు గమనించండి. 1911లో ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ మాస్కో వచ్చి ఐకాన్లు చూసి ముగ్ధుడయ్యాడు. 1913లో మాస్కోలో శుభ్రం చేసిన పాత ఐకాన్ల పెద్ద ప్రదర్శన జరిగింది. మలేవిచ్, గొంచరోవా లాంటి యువ చిత్రకారులకు ఐదారు వందల ఏళ్ళనాటి ఆ రంగులు అప్పుడే ఆరిన కొత్త రంగుల్లా కనిపించాయి. రష్యన్ ఆధునిక కళ అంతా పారిస్ నుంచి దిగుమతే అనేవాళ్ళు ఈ ముక్క మరిచిపోతారు.

అపోహ: ఐకాన్ చిత్రకారులకు దూరం, దగ్గర చూపించడం రాదు.

రాక కాదు, అక్కర్లేక. 'త్రిమూర్తి'లో దేవదూతల కాళ్ళ కింది పీటలు చూడండి. దూరం వెళ్ళేకొద్దీ ఇరుకవ్వాల్సిన అంచులు విప్పారుతూ పోతాయి. ఆ గీతలు కలిసేది బొమ్మ లోపల కాదు, బొమ్మ ముందు నిలబడ్డ మనిషి దగ్గర. బల్లకు నాలుగో వైపు ఖాళీ. అక్కడ ఉన్నది మీరే. చేర్యాల నకాశీ పటాలు చూసి పెరిగినవాళ్ళకు ఇది వింతగా తోచకూడదు.

ఇదే వరసలో ఇంకో మాట వినిపిస్తుంది: ఐకాన్‌ను గీయరు, 'రాస్తారు', అదొక పవిత్రమైన తేడా అని. రష్యన్‌లో తైలవర్ణ చిత్రాలక్కూడా అదే క్రియ వాడతారు. పడవ లాగే కూలీలను పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు రేపిన్ కూడా 'రాశాడు'. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు తమ పనిని వ్రాతపని అనడం లేదూ!

అపోహ: మాస్కో రెడ్ స్క్వేర్‌కు ఆ పేరు కమ్యూనిస్టులు పెట్టారు.

కాదు. అది 17వ శతాబ్దపు పేరు. ఇప్పుడు ఎరుపు అని అర్థమిచ్చే 'క్రాస్నయా' అనే మాటకు పాత రష్యన్‌లో అందమైనది అని అర్థం. ఆ చౌకులోనే ఉన్న సెయింట్ బాసిల్ చర్చిని 1555-61 మధ్య కట్టారు. దాన్ని కట్టిన శిల్పి కళ్ళను ఇవాన్ ది టెరిబుల్ పొడిపించాడన్న కథకూ ఆధారం లేదు. ఆ శిల్పిగా చెప్పే పోస్త్నిక్ పేరు ఆ తర్వాత కజాన్ కోట పనుల్లో కనిపిస్తుంది. తాజ్‌మహల్ కూలీల చేతులు నరికించారన్న కథకు ఇది అన్నదమ్ముడే.

అపోహ: రేపిన్ 'వోల్గా పడవ కూలీలు' జారు ప్రభుత్వానికి మింగుడుపడని బొమ్మ.

ఈ అపోహ మన దగ్గర మరీ బలం. నేనూ కుర్రతనంలో నమ్మాను. 1873లో పూర్తయిన ఆ బొమ్మను కొన్నది సాక్షాత్తూ జారు కొడుకు, గ్రాండ్ డ్యూక్ వ్లదీమిర్. అదే ఏడాది వియన్నా ప్రపంచ ప్రదర్శనకు రష్యా తరఫున వెళ్ళింది కూడా. ఆ పదకొండు మందిలో ముందు నడిచే కనీన్ ఒకప్పుడు మతగురువు. దూరంగా కుడివైపు చిన్న స్టీమర్ పొగ కనిపిస్తుంది. ఆ మోకులకు రోజులు దగ్గరపడ్డాయని రేపిన్ అక్కడ చెబుతున్నాడని నాకనిపిస్తుంది.

ప్రభుత్వానికి నిజంగా మింగుడుపడనిది రేపిన్‌దే ఇంకొకటి ఉంది: కొడుకును చంపుకున్న ఇవాన్ బొమ్మ. 1885లో జారు మూడో అలెగ్జాండర్ దాని ప్రదర్శనను నిషేధించాడు, కొద్ది నెలలకే ఎత్తేశాడు. 1863లో పోటీకిచ్చిన అంశం నచ్చక 14 మంది విద్యార్థులు ప్రభుత్వ కళా అకాడమీ నుంచి బయటకు నడిచిన మాట నిజమే. సంచార చిత్రకారుల సంఘానికి ఆ తెగింపే పునాది. కానీ 1890లలో ఆ సంఘంలోని రేపిన్ అదే అకాడమీలో పాఠాలు చెప్పాడు.

అపోహ: నల్ల చతురస్రం చిన్నపిల్లాడైనా వేస్తాడు.

వేస్తాడేమో. కానీ 1915 డిసెంబరులో పెట్రోగ్రాద్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మలేవిచ్ దాన్ని ఎక్కడ వేలాడదీశాడు? గది మూలన, పైకప్పుకు ఆనించి. రష్యన్ ఇళ్ళలో అది ఐకాన్ చోటు. మన దేవుడి గూట్లో ఎవరో నల్ల అట్టముక్క పెట్టినట్టు ఊహించుకోండి. 2015లో త్రెత్యకోవ్ గ్యాలరీ పరీక్షల్లో దాని కింద రెండు రంగుల బొమ్మలున్నట్టు తేలింది. నలుపు బీటల్లోంచి ఆ రంగులు తొంగిచూస్తుంటాయి.

అపోహ: విప్లవం రాగానే కొత్త కళను తొక్కేశారు.

తేడా పదిహేనేళ్ళు. 1918లో చిత్రకారుడు షగాల్ వీతెబ్స్క్ పట్టణంలో ప్రభుత్వ కళా కమిసార్, అంటే కళల అధికారి. మలేవిచ్ అక్కడే పాఠాలు చెప్పాడు. ఆ బొమ్మలను ప్రభుత్వమే కొని మ్యూజియాల్లో పెట్టింది. బిగింపు తర్వాత వచ్చింది. 1930లో మలేవిచ్ అరెస్టు, 1932లో కళాసంఘాల రద్దు, 1934లో సోషలిస్టు రియలిజం, అంటే శ్రామికుల జీవితాన్ని కొనియాడుతూ వాస్తవ శైలిలో వేసే పద్ధతి, అధికారిక పంథా. చివరి రోజుల్లో ఆయన మామూలు మనుషుల బొమ్మలే వేశాడు. 1933 నాటి స్వీయచిత్రం కింద సంతకానికి బదులు చిన్న నల్ల చతురస్రం ఉంటుంది.

మత్ర్యోష్కా ప్రాచీనం అన్నది కూడా తప్పే. బొమ్మలో బొమ్మ వయసు 1890ల నుంచి. తరిణె పట్టింది జ్వ్యోజ్దొచ్కిన్, రంగులేసింది మల్యూతిన్.

నిజంగా ప్రాచీనమైనది వేరేచోట దాక్కుంది. పాలెఖ్ అని ఒక ఊరు. తరాలుగా ఐకాన్లు వేసినవాళ్ళది. విప్లవం తర్వాత ఐకాన్లు కొనేవాళ్ళు లేక, 1924లో సంఘంగా ఏర్పడి కాగితపు గుజ్జుతో చేసిన నల్ల లక్క పెట్టెల మీద జానపద కథలు వేయడం మొదలుపెట్టారు. పచ్చసొన రంగులు అవే, బంగారానికి మెరుగుపెట్టే తోడేలు కోర అదే. మాస్కో నుంచి వచ్చిన పాత పిల్లల పుస్తకం ఏదైనా మీ అటక మీద ఉండి, అందులో నల్లని నేపథ్యం మీద సన్నని బంగారు గీతల బొమ్మలుంటే ఒకసారి తీసి చూడండి. గుర్రాల వెనకాల మెట్లు మెట్లుగా కొండలుంటాయి. అవి ఐకాన్లలోని కొండలే.