చదివిందంతా హాల్లో ఏమైపోతుంది? కాలేజీ చదువుల్లో అపోహలు - వాస్తవాలు

మిడ్ పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడే పిల్లలది ఒకటే మాట. "మొత్తం చదివాను సార్, హాల్లోకి వెళ్లాక బ్లాంక్ అయిపోయింది." వాళ్లలో బద్ధకస్తులు తక్కువ, రాత్రి రెండింటిదాకా మేలుకున్నవాళ్లే ఎక్కువ. ఇంట్లోవాళ్లేమో మతిమరుపని సరస్వతీ లేహ్యం కొని పంపుతారు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ బ్రాంచికి పాఠాలు చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది బుర్రకు ఏ లోటూ లేదు. తేడా అంతా కూర్చుని చదివే తీరులోనే ఉంది.

అపోహ: నాలుగైదుసార్లు చదివి, చదివినప్పుడు అర్థమైతే వచ్చేసినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు మింగేది ఇదే. ఆమధ్య సెకండియర్ అమ్మాయి ఒకామె కళ్లనీళ్లతో నోట్సు తెచ్చి చూపించింది. పసుపు, గులాబీ, ఆకుపచ్చ హైలైటర్లు. రంగు పడని వాక్యం కోసం వెతుక్కోవాలి. నోట్సు మూసేసి తెల్లకాగితం ఇచ్చాను. "సింప్లీ సపోర్టెడ్ బీమ్, మధ్యలో పాయింట్ లోడ్. మాగ్జిమమ్ బెండింగ్ మూమెంట్ ఎంతమ్మా?" అంటే, రెండు చివర్లా ఆనించిన దూలం, నడిమధ్యన ఒకే బరువు, దాన్ని వంచే ప్రభావం గరిష్ఠంగా ఎంత అని. బీమ్ చక్కగా గీసి, "డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 సార్" అంది. అది యూడీఎల్‌కి, అదే, పొడవునా సమంగా పరుచుకున్న బరువుకి కదా అంటే నాలుక కరుచుకుంది. ఆ రెండు ఫార్ములాలూ ఆమె నోట్సులో ఒకే పేజీలో, రెండూ పసుపు రంగులోనే ఉన్నాయి. సరే, నువ్వే రాబట్టు అన్నాను. బరువు డబ్ల్యూ, బీమ్ పొడవు ఎల్. ఒక్కో సపోర్టు దగ్గర రియాక్షన్, అంటే పైకి ఆపే బలం, డబ్ల్యూ బై 2. మధ్యకు దూరం ఎల్ బై 2. గుణిస్తే డబ్ల్యూ ఎల్ బై 4. "ఇంతేనా సార్!" అంది. ఇంతే. కాకపోతే పుస్తకం చూడకుండా తన చేత్తో అది రాయడం ఆమెకు అదే మొదటిసారి.

వాస్తవం: చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. బస్టాపులో రోజూ కనిపించే మనిషి మొహం ఠక్కున గుర్తుపడతాం, పేరు చెప్పమంటే నీళ్లు నములుతాం. ఐదోసారి నోట్సు తిరగేస్తున్నప్పుడు "ఇదంతా నాకు తెలుసు" అనిపించేది ఆ మొహం తెలియడమే. పరీక్ష పేరు అడుగుతుంది.

దీన్ని ప్రయోగం పెట్టి మరీ చూశారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థుల్లో కొందరితో ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. ఇంకొందరితో ఒక విడతే చదివించి, మిగతా మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. పైగా వారం తర్వాత బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది నాలుగు విడతలూ చదివినవాళ్లే. మా పిల్లలు మోసపోయేదీ అక్కడే. ఆ రాత్రికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది మరి.

మనకిది కొత్తేమీ కాదు. ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పే కదా పెరిగాం. మా నాన్నమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నా తెలుగు వాచకం లాక్కుని, ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని, వేమన పద్యాలు చెప్పమనేది. నేను తడబడిన చోట ఆవిడ చూపు పుస్తకం మీద కాదు, నా మొహం మీద ఉండేది. "మళ్లీ మొదట్నుంచి చెప్పు." తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇంటర్‌లో ఆ పని కాలేజీవాళ్లు చేశారు. వారం వారం పరీక్షలని తిట్టుకున్నా, రాయక తప్పేది కాదు. బీటెక్‌లో ఆ తరిమేవాళ్లు లేరు. ఇంటర్‌లో వెయ్యికి 950 దాటినవాళ్లు ఇక్కడ ఫస్ట్ సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్ పెట్టుకోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. "మావాడు చెడిపోయాడు సార్" అని తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు. చెడిపోలేదండీ, వాడికి పరీక్ష పెట్టేవాళ్లు లేరు, అంతే.

కాబట్టి మీకు మీరే పెట్టుకోండి. క్లాసు జరిగిన సాయంత్రం నోట్సు తెరవకముందే ఒక కాగితం మీద ఆ రోజు పాఠంలో గుర్తున్నంత రాయండి, పది నిమిషాలు చాలు. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రెండు రోజులాగి మళ్లీ, వారమాగి మళ్లీ. ప్రాబ్లమ్ అయితే సొల్యూషన్ మూసిపెట్టి చేయండి, ఆగిపోయిన స్టెప్పు వరకే చూసి మళ్లీ మూసేయండి. మొదటి వారం కాగితం సగం ఖాళీగా ఉంటుంది. కంగారు పడకండి, ఆ ఖాళీ పరీక్ష హాల్లో కాకుండా హాస్టల్ గదిలో కనబడటం మీ అదృష్టం.

ఇది బట్టీ కాదా అంటారా? బట్టీ పట్టినవాడు డబ్ల్యూ ఎల్ బై 4 అంటాడు. లోడ్ మధ్యనుంచి పక్కకు జరిపితే ఎంత అని అడగండి, అక్కడ తేలిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

నైట్ అవుట్ కొడితేనే పాస్ అవుతామంటారు. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. నైట్ అవుట్ రేపటికి గట్టెక్కించినా, వచ్చే సెమిస్టర్ స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో అదే బీమ్ మళ్లీ ఎదురొచ్చినప్పుడు ఏమీ మిగలదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే చదువు ఎక్కుతుందా? నిద్ర చాలితే ఏ వేళైనా ఎక్కుతుంది.

యూట్యూబ్ వన్‌షాట్, అంటే యూనిట్ మొత్తం ఒకే వీడియోలో చెప్పేసేది, చూస్తే యూనిట్ పూర్తయినట్టు కాదు. పెన్ను వీడియోలో చెప్పేవాళ్ల చేతిలో ఉంది. వీడియో ఆపి, మీరు చేసి, అప్పుడు ప్లే నొక్కండి.

"నేను విజువల్ లెర్నర్‌ని సార్", అంటే బొమ్మలు చూస్తేనే వస్తుంది, అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరి స్టైల్‌ని బట్టి బోధిస్తే బాగా వస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లోనే పరిశోధకులు తేల్చారు. బీమ్‌కు బొమ్మ అందరూ గీయాల్సిందే.

ఇక పరీక్ష ముందురోజు వాట్సాప్‌లో తిరిగే "పేపర్ సెట్ చేసిన సార్ ఇచ్చిన ఇంపార్టెంట్స్". ఆ సార్ ఎవరో ఎవరికీ తెలియదు, ప్రతి సెమిస్టర్ పుడతాడు. పాత ప్రశ్నపత్రాలు దగ్గర పెట్టుకుని, టైమ్ చూసుకుని రాయండి.

అపోహ: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు బట్టీ తప్ప దారి లేదు.

ఈ భయం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒక కుర్రాడు కాలమ్స్ (స్తంభాలు) యూనిట్ ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు కంఠస్థం చేసి, మధ్యలో ఒక మాట మర్చిపోతే మొత్తం ఆగిపోయేవాడు. తెలుగులో చెప్పరా అన్నాను. "పొడుగాటి సన్న కర్రను పైనుంచి నొక్కితే నలగదు సార్, ముందు పక్కకు వంగిపోతుంది. పొడుగు పెరిగేకొద్దీ తక్కువ బరువుకే వంగుతుంది." ఎంత తక్కువకి అంటే, పొడుగు రెట్టింపైతే నాలుగో వంతుకే అన్నాడు. స్తంభం ఎంత బరువుకు పక్కకు వంగుతుందో చెప్పే ఆయిలర్ ఫార్ములా అదే కదా! తెలుగులో అర్థం చేసుకుని, తెలుగులోనే పక్కవాడికి అప్పజెప్పి, చివర్లో చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకోమన్నాను. దిద్దేటప్పుడు నేను చూసేది బొమ్మ, స్టెప్పులు, యూనిట్లు. గ్రామర్‌కు మార్కులు కోయను.