లాక్స్‌టన్ ఉమ్మడి పొలాలు: అమ్మకం వెనక చరిత్ర

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న లాక్స్‌టన్ అనే చిన్న ఊరిని అమ్మదలచినట్లు బ్రిటన్ రాచరికానికి చెందిన భూములను చూసే సంస్థ క్రౌన్ ఎస్టేట్ 2018లో ప్రకటించడంతో, చరిత్రకారుల్లో ఆందోళన మొదలైంది. మధ్యయుగాల నాటి ఉమ్మడి పొలాల సాగు, దాన్ని నడిపే గ్రామ న్యాయస్థానంతో సహా, ఆ దేశంలో నేటికీ నిలిచి ఉన్నది అక్కడే.

పడమటి పొలం, దక్షిణ పొలం, మిల్లు పొలం అనే మూడు విశాలమైన పొలాల్లో ఒక్కో కౌలు రైతుకు వేర్వేరు చోట్ల భూమి చెక్కలుంటాయి. వాటి మధ్య కంచెలుండవు. ఒక పొలంలో శీతకాలపు గోధుమ, ఇంకోదానిలో వసంతంలో విత్తే పైరు, మూడోది బీడు, ఇలా ఏటా వంతు మారుతుంది. నవంబరు చివర్లో రైతుల జ్యూరీ గోధుమ పొలమంతా తిరిగి, దారినో, దున్నకుండా వదలాల్సిన పచ్చికనో ఎవరైనా కలిపేసుకున్నారేమో చూస్తుంది. వారం తర్వాత ఊరి పబ్ ‘డవ్‌కోట్ ఇన్’లో సమావేశమయ్యే గ్రామ న్యాయస్థానం, అంటే కోర్టు లీట్, తప్పు చేసినవారికి జరిమానా వేస్తుంది. ఊరందరి ముందూ పేరు బయటపడటమే అసలు శిక్ష కావచ్చు.

ఈ చెక్కల హద్దులను 1635లో మార్క్ పియర్స్ పటంగా గీశాడు. ఆ పని చేయించిన భూస్వామి సర్ విలియం కోర్టెన్ లండన్ వర్తకుడు. అదే ఏడాది ఈస్టిండియా కంపెనీకి పోటీగా భారత పశ్చిమ తీరంలో వ్యాపారం చేసుకునేందుకు రాజు అనుమతి పొందిన కూటమికి పెట్టుబడి పెట్టినవాడు కూడా ఆయనే.

1604 నుంచి 1914 వరకు పార్లమెంటు చేసిన 5,200కు పైగా చట్టాల కింద దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూములు కంచెల పాలై, ఎవరి సొంతం వారికయ్యాయి. లాక్స్‌టన్‌లోనూ కొంత భూమికి కంచెలు పడ్డాయి. మిగిలినది నిలవడానికి సంప్రదాయంపై మమకారం కన్నా, ఇద్దరు పెద్ద భూస్వాములు మాన్వర్స్, స్కార్‌బరో ప్రభువుల మధ్య కుదరని ఒప్పందమే ఎక్కువ కారణమనిపిస్తుంది. తర్వాత 20వ శతాబ్దం తొలినాళ్లలో మాన్వర్స్ ఎస్టేటు చిన్న చెక్కలను కలిపి వాటి సంఖ్య తగ్గించింది.

ఈ పద్ధతిని కాపాడే ఉద్దేశంతో వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1952లో ఊరిని కొనుగోలు చేసింది. 1981లో అది క్రౌన్ ఎస్టేట్‌కు చేరింది. దున్నకంలో అడుగు పక్కకు జరిగినా నిలదీయగల జ్యూరీకి, భూమిని ఎవరికి అమ్మాలన్న విషయంలో మాత్రం అధికారం లేదు. చివరకు 2020లో దాన్ని కొన్నది థోర్స్‌బీ ఎస్టేటు, అంటే 1952లో అమ్మిన మాన్వర్స్ వంశపు వారసులే.