వీఎంసీ కొటేషన్లు చేతిలో ఉన్నాయా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

బాలానగర్‌లో చిన్న జాబ్‌వర్క్ షాపు మాది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే వర్టికల్ మెషినింగ్ సెంటర్, అదే వీఎంసీ కొందామనుకునే కుర్రాళ్లు మూడు కొటేషన్లు పట్టుకొచ్చి "వీటిలో ఏది తీసుకోమంటావన్నా?" అని అడుగుతుంటారు. నువ్వు చేయబోయే పార్ట్ డ్రాయింగ్ ఏదీ అంటాను. చాలామంది దగ్గర ఉండదు.

అపోహ: ఆర్పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, ఎంత ఎక్కువుంటే మెషిన్ అంత మంచిది.

వాస్తవం: పైభాగం చదును చేసే 50 మి.మీ. ఫేస్ మిల్‌తో స్టీలు కోస్తున్నారనుకోండి. కటింగ్ స్పీడ్ నిమిషానికి 150 మీటర్లు పెడితే టూల్‌ను పట్టి తిప్పే స్పిండిల్ తిరిగేది సుమారు 950 ఆర్పీఎం. బ్రోచర్లో 12,000 అని ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు. పైగా 7.5 కిలోవాట్ల మోటారు 1,500 ఆర్పీఎం దగ్గర గానీ పూర్తి పవర్ అందుకోదంటే, 950 దగ్గర మీకు దక్కేది 4.75 కిలోవాట్లే. అందుకే ఏ ఆర్పీఎం దగ్గర ఎంత తిప్పే బలం ఉంటుందో చూపే టార్క్ గ్రాఫ్ అడగండి. మోటారు 30 నిమిషాలు మాత్రమే ఇవ్వగల పవర్‌ను, అంటే 30 నిమిషాల రేటింగ్‌ను పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లుంటారు, మీరు ఆగకుండా నడిపే రేటింగ్ చూడండి. అల్యూమినియం పని చేసేవాళ్ల లెక్క వేరు. ఎండ్‌మిల్ అనే సన్నటి కోత టూల్ 6 మి.మీ.ది అయితే, దానికి నిమిషానికి 300 మీటర్ల స్పీడ్ కావాలంటే దాదాపు 16,000 ఆర్పీఎం ఉండాలి, వాళ్లకు ఆ 12,000 కూడా చాలదు.

అపోహ: ర్యాపిడ్, అంటే కోత లేకుండా ఖాళీగా కదిలే వేగం, నిమిషానికి 36 కన్నా 48 మీటర్లున్నదే కొనాలి.

300 మి.మీ. కదలికకు తేడా సెకనులో ఎనిమిదో వంతు. పార్ట్‌ను పట్టి ఉంచే ఫిక్చర్ మార్చడానికి మీ కుర్రాడికి గంట పడుతుంటే ముందు ఆ సంగతి చూసుకోండి.

అపోహ: అక్యురసీ 5 మైక్రాన్లని (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) రాశారు కాబట్టి పార్ట్ కూడా అందులోనే వస్తుంది.

వాస్తవం: అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. ఆ 5 మైక్రాన్లు ఏ ప్రమాణంతో కొలిచారో ముందు అడగండి. ఐఎస్ఓ 230-2, జర్మన్ల వీడీఐ, జపాన్ వాళ్ల జేఐఎస్ పద్ధతులు వేరు వేరు. ఒకే మెషిన్‌ను జేఐఎస్‌లో కొలిస్తే అంకె మామూలుగా చిన్నగా కనిపిస్తుంది. రెండు బ్రోచర్లలో రెండు పద్ధతులుంటే ఆ అంకెలు పోల్చి లాభం లేదు.

ఇక వేడి. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. టేబుల్‌ను కదిపే అర మీటరు బాల్ స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కిందంటే 30 మైక్రాన్లు పోయినట్టే. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండింటికి పరిస్థితి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున ఓకే అయిన రంధ్రాల పిచ్, అంటే వాటి మధ్య దూరం, భోజనం చేసొచ్చాక తప్పుతుంటే ఆపరేటర్‌ను తిట్టిన రోజులు నాకున్నాయి, పాపం. డెమోలో ఒక్క పార్ట్ చూసి వచ్చేయకండి. మీ మెటీరియల్, మీ డ్రాయింగ్ ఇచ్చి, చల్లటి మెషిన్ మీద ఒకటి, నాలుగు గంటలు నడిచాక ఒకటి వేయించి రెండూ కొలిపించండి. దానికి ఒప్పుకోని డీలర్‌కు నేనైతే అడ్వాన్స్ ఇవ్వను.

అపోహ: ఇంపోర్టెడ్ అయితే టెన్షన్ ఉండదు.

వాస్తవం: రాజ్‌కోట్, బెంగళూరు, కోయంబత్తూరుల్లో తయారయ్యే మెషిన్లలోనూ ఫనక్, సీమెన్స్ కంట్రోలర్లే ఎక్కువగా ఉంటాయి. నేను చూసేది సర్వీస్ ఇంజనీర్ ఏ ఊళ్లో ఉంటాడు, స్పేర్లు ఏ ఊళ్లో ఉంటాయి అన్నది. నా మొదటి మెషిన్‌కు స్పిండిల్ బేరింగ్ పోయినప్పుడు మనిషి వేరే రాష్ట్రం నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈఎంఐ మాత్రం తేదీ తప్పలేదు. అందుకే ఇప్పుడు కొనేముందు అదే మోడల్ మూడేళ్లుగా నడుపుతున్న షాపుకి, డీలర్ లేకుండా, టీ టైముకి వెళ్తాను. ఓనర్ కంటే ఆపరేటరే నిజం చెబుతాడు.

అపోహ: కొటేషన్ ధరతో పని అయిపోతుంది.

టూల్ బిగించే బీటీ-40 హోల్డర్లు, పుల్ స్టడ్లు, కొల్లెట్లు, పార్ట్ బిగించే మంచి వైస్, డ్రయర్‌తో కంప్రెసర్, స్టెబిలైజర్ అన్నీ విడిగా కొనుక్కోవాల్సి రావచ్చు. గేటు కూడా కొలుచుకోండి. మా పక్క షెడ్డాయన క్రేన్, లారీ వచ్చి నిలబడ్డాక చూసుకుంటే మెషిన్ గేటు కంటే జానెడు ఎత్తుంది. ఆ రాత్రే మేస్త్రీని పిలిచి గోడ కొట్టించాడు. మెషిన్ ఎత్తు కొటేషన్ రెండో పేజీలోనే ఉంది.