డిస్క్ పెట్టే చోటు ఉందా? కన్సోల్ ఎంపిక వెనకున్న పాత తగువు

వీడియో ఆటల కన్సోల్ కొనేటప్పుడు సోనీ ప్లేస్టేషనా, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్సా అన్న వాదన ఇప్పటికీ టెరాఫ్లాప్‌ల (లెక్కింపు వేగాన్ని చెప్పే కొలత) చుట్టూనే తిరుగుతోంది. కొన్నాక ఏళ్ల తరబడి జేబు మీద పడేది మాత్రం ఆట డిస్కు పెట్టే అర, అంటే డిస్క్ డ్రైవ్, లెక్క. ఆ తగువు 2013లో ముదిరింది.

ఆ ఏడాది మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించింది. అప్పటి నిబంధనలివి: డిస్క్ కొన్నా ఆట కొన్నవారి ఆన్‌లైన్ ఖాతాకే ముడిపడుతుంది. కన్సోల్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కలవాలి. డిస్క్ అమ్మాలన్నా, స్నేహితుడికి ఇవ్వాలన్నా షరతులే. కినెక్ట్ కెమెరాతో కలిపి ధర 499 డాలర్లు. జూన్ 10న ఈ3 అనే ఆటల ప్రదర్శన వేదిక మీద సోనీ ప్లేస్టేషన్ 4ను 399 డాలర్లకే ఇస్తామంది, వాడిన డిస్కులపై ఆంక్షలు ఉండవంది. ఒకరు డిస్కును పక్కవారి చేతికివ్వడమే కథగా చిన్న వీడియో కూడా వదిలింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది కానీ, ధరలో తేడా అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఆంక్షలని జనం వద్దన్న, ఆటను అమ్ముకోలేని పద్ధతే 2020లో డ్రైవ్ లేని చౌక కన్సోల్ రూపంలో వచ్చింది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 (పీఎస్5) ధర 49,990 రూపాయలు, డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ 39,990. డెమన్స్ సోల్స్ లాంటి సోనీ ఆట ఒక్కటే 4,999. అంటే మిగిలిన పదివేలు రెండు ఆటలతో సరి. డిస్కయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, డౌన్‌లోడ్‌కు ఆ దారి లేదు.

డిజిటల్ ఎడిషన్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మోడల్ నంబర్ తప్పక చూడాలి. తర్వాత బిగించుకునేలా విడిగా దొరికే డ్రైవ్ 2023 నాటి సన్నని పీఎస్5కూ (సీఎఫ్ఐ-2000 వరుస), పీఎస్5 ప్రోకూ మాత్రమే సరిపోతుంది. 2020 నాటి డిజిటల్ ఎడిషన్‌కు పట్టదు. బిగించాక ఇంటర్నెట్‌తో ఒకసారి జత చేయాలి, లేకపోతే పనిచేయదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కైతే డ్రైవ్ పెట్టే వీలే లేదు.

పాత డిస్కులున్న ఇంట్లో లెక్క వేరు. డ్రైవ్ ఉన్న పీఎస్5 దాదాపు అన్ని పీఎస్4 డిస్కులనూ ఆడిస్తుంది, పీఎస్3వి ఆడించదు. ఆట కన్సోల్ లోపలి నిల్వ (ఎస్ఎస్‌డీ)లోకి ఎక్కినా ఆడినంతసేపూ డిస్క్ లోపల ఉండాల్సిందే. డ్రైవ్ ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మాత్రం మైక్రోసాఫ్ట్ అనుమతి ఉన్న పాత ఎక్స్‌బాక్స్ 360 డిస్కులనూ గుర్తిస్తుంది. అయితే అక్కడ డిస్క్ తాళంచెవి మాత్రమే, ఆట నెట్ నుంచే దిగుతుంది.

2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 కూడా కొన్ని ఆటలకు ఇదే పద్ధతి పట్టింది. గేమ్-కీ కార్డులో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కూడా పెట్టి ఉంచాలి. ఖాతాకు ముడిపడదు కాబట్టి అమ్ముకోవచ్చు. పెట్టె ముందువైపు కింద ఆ గుర్తు ముద్రించి ఉంటుంది, డబ్బు కట్టేముందే చూసుకోండి.