నవంబరా, జనవరా? అమెరికా కాలేజీ కుస్తీ సీజన్ గొడవ వెనుక కథ

2015 నవంబర్ 14 ఉదయం అయోవా సిటీలోని కినిక్ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద కుస్తీ మ్యాట్ పరిచారు. అయోవా, ఒక్లహామా స్టేట్ యూనివర్సిటీ జట్లు ఆరుబయట తలపడ్డాయి. అయోవా 18-16తో గట్టెక్కింది. చూడటానికి వచ్చినవాళ్లు 42,287 మంది. ఆ రాత్రి అదే స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఉంది కాబట్టి అది కొంత కలిసొచ్చిన మాట నిజమే. అయినా ఒక కాలేజీ కుస్తీ పోటీకి అంతమంది!

అమెరికా కాలేజీ కుస్తీకి అభిమానులు లేరని ఎవరూ అనలేరు. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మార్చిలో మూడు రోజుల పాటు జరిపే ఛాంపియన్‌షిప్‌కు అన్ని సెషన్లూ కలిపి లక్షకు పైగా ప్రేక్షకులు వచ్చిన ఏళ్లున్నాయి. పెన్ స్టేట్ యూనివర్సిటీలో పెద్ద పోటీ ఉంటే 15 వేల మందికి పైగా వస్తారు. కానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా కాలేజీల జిమ్‌లలో వందల మందే కనిపిస్తారు. నవంబర్‌లో కాక జనవరి దగ్గర సీజన్ మొదలుపెడదామన్న మాటతో సహా మార్పు ప్రతిపాదనలన్నిటికీ మూలం ఈ తేడాను ఎలా పూడ్చాలన్నదే.

ముందు ఆట గురించి రెండు మాటలు. ఒలింపిక్స్‌లో మనం చూసే ఫ్రీస్టయిల్ వేరు, ఇక్కడి ఫోక్‌స్టయిల్ వేరు. ఇందులో పడగొట్టడంతో పని అయిపోదు, ప్రత్యర్థిని కింద అదిమి ఉంచాలి. మొత్తం మీద ఎదుటివాడికంటే నిమిషం ఎక్కువసేపు పైచేయిగా ఉంటే దానికీ ఒక పాయింట్. వీపు నేలకు ఆనించి చిత్తు చేస్తే కుస్తీ అక్కడితో సరి. 125 పౌండ్ల నుంచి 285 దాకా పది విభాగాలు. మొదటి ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ 1928లో అయోవా స్టేట్‌లో జరిగింది. అప్పటి నుంచి ఇది ఊరూరా పాకిన ఆట. 1970లో స్కూల్, కాలేజీ రోజుల్లో ఒక్క ఓటమీ ఎరగని డాన్ గేబుల్‌ను ఆఖరి ఫైనల్లో వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు లారీ ఓయింగ్స్ ఓడించాడు. కాలేజీ కుస్తీ చరిత్రలోనే పెద్ద సంచలనం అది. ఆ యూనివర్సిటీకి ఇవాళ కుస్తీ జట్టే లేదు.

ఆ మాట రాస్తుంటేనే బాధగా ఉంటుంది. 1980ల మొదట్లో కాలేజీ ఆటల పై అంచె అయిన డివిజన్ వన్‌లో 140కి పైగా జట్లు ఉండేవి. ఇప్పుడు 80 కూడా లేవు. చదువుల్లో ఆడ, మగ వివక్ష ఉండకూడదని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టమే కారణమని చాలామంది రెజ్లర్లు నమ్మారు. కోచ్‌ల జాతీయ సంఘం 2002లో ప్రభుత్వ విద్యాశాఖ మీద కోర్టుకు కూడా వెళ్లింది, కేసు నిలవలేదు. నా ఉద్దేశంలో నెపమంతా చట్టం మీద వేయడం న్యాయం కాదు. వంద మందికి పైగా ఆటగాళ్లున్న ఫుట్‌బాల్ జట్టును ముట్టుకోకుండా ఆడ, మగ ఆటగాళ్ల లెక్క సరిచేయాలంటే, డబ్బు తేని మగపిల్లల ఆటల మీదే కత్తి పడింది. టికెట్లు అమ్ముకోలేని ఆటను తీసేయడం యాజమాన్యాలకు సులువు. అందుకే ప్రేక్షకుల సంఖ్య అన్నది కుస్తీ కోచ్‌లకు బతుకు సమస్య అయింది.

2020లో స్టాన్‌ఫర్డ్ 11 ఆటలను తీసేస్తున్నామని ప్రకటించింది, అందులో కుస్తీ ఒకటి. మరుసటి మార్చిలో షేన్ గ్రిఫిత్ యూనివర్సిటీ పేరు లేని నల్ల సింగ్లెట్ (రెజ్లర్ల బిగుతు దుస్తులు) వేసుకుని బరిలోకి దిగి 165 పౌండ్ల టైటిల్ గెలిచాడు. రెండు నెలలకు స్టాన్‌ఫర్డ్ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ గెలుపు గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక ప్రతిపాదనల సంగతి. కోచ్‌ల సంఘం చాలా ఏళ్లుగా గట్టిగా అడుగుతున్నది ఒకే సెమిస్టర్ సీజన్. ఇప్పుడు నవంబర్‌లో ఫుట్‌బాల్ ఊపు మీద ఉండగా కుస్తీ మొదలవుతుంది, మార్చిలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ నడుమ ముగుస్తుంది. 2024, 2025 రెండేళ్లూ కుస్తీ ఫైనల్స్, బాస్కెట్‌బాల్ మొదటి రౌండ్లు ఒకే వారాంతంలో పడ్డాయి. దాని బదులు కొత్త ఏడాదికి కాస్త అటూ ఇటూగా మొదలుపెట్టి ఏప్రిల్‌లో ముగిస్తే టీవీలో చోటు దొరుకుతుందని, పిల్లలకు మొదటి సెమిస్టర్ చదువుకు మిగులుతుందని వాదన.

బరువు సంగతి కూడా ఉంది. 2024 పారిస్‌లో 100 గ్రాములు ఎక్కువున్నందుకు వినేశ్ ఫోగట్ ఫైనల్ పోగొట్టుకున్నప్పుడు బరువు తగ్గడంలో ఉన్న నరకం మనకు అర్థమైంది. 1997 చివర్లో దాదాపు నెల వ్యవధిలో ముగ్గురు అమెరికన్ కాలేజీ రెజ్లర్లు ఒంట్లో నీరు తగ్గించుకునే ప్రయత్నంలో ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ తర్వాత రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు, బరువు తూచే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపారు, అతి చిన్న విభాగాన్ని 118 నుంచి 125 పౌండ్లకు పెంచారు. అయినా ఇంటిల్లిపాదీ విందుకు కూర్చునే థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కడుపు మాడ్చుకుంటూనే ఉన్నారు. సీజన్ తేదీలు మార్చడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే.

కాదనేవాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. ఏప్రిల్, మే నెలలు ఒలింపిక్ కుస్తీకి ఎంపికల కాలం. 2024 ఒలింపిక్ ట్రయల్స్ ఏప్రిల్‌లోనే జరిగాయి. కాలేజీ సీజన్ అక్కడిదాకా సాగితే ఫోక్‌స్టయిల్ నుంచి ఫ్రీస్టయిల్‌కు మారే వ్యవధి ఏది? పైగా ఆ నెలల్లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, ఐస్ హాకీ నాకౌట్ పోటీల వల్ల పెద్ద అరీనాలు దొరకడం కష్టం. కోవిడ్ పుణ్యమా అని 2021లో చాలా జట్లు జనవరిలోనే బరిలోకి దిగాయి, కానీ గ్యాలరీలు ఖాళీగా ఉన్న ఆ ఏడాదిని చూసి అభిమానుల లెక్క తేల్చలేం.

రెండో ప్రతిపాదన నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. కాలేజీ కుస్తీలో జట్టు టైటిల్‌ను జట్టూ జట్టూ తలపడి తేల్చుకోవు. మార్చిలో విడివిడిగా ఆడిన రెజ్లర్ల పాయింట్లు కూడితే ఎవరివి ఎక్కువైతే వాళ్లదే టైటిల్. అంటే సీజనంతా రెండేసి జట్ల మధ్య జరిగే డ్యుయల్ పోటీల్లో ఎవరు గెలిచినా జట్టు టైటిల్ లెక్కలోకి రాదు. మామూలు ప్రేక్షకుడు జనవరి రాత్రి చలిలో ఎందుకు రావాలి? కోచ్‌ల సంఘం 1989 నుంచి నేషనల్ డ్యుయల్స్ నడిపి, దాన్నే అసలు జట్టు టైటిల్ చేయాలని చూసింది. పెన్ స్టేట్ కోచ్ కేల్ శాండర్సన్ ఒప్పుకోలేదు. మార్చి టోర్నమెంట్ విలువ తగ్గుతుందని, ఇద్దరు ముగ్గురు మంచి రెజ్లర్లే ఉన్న చిన్న కాలేజీలు నష్టపోతాయని వ్యతిరేకుల భయం. ఆ పోటీ రూపాలు మార్చుకుంటూ సాగింది కానీ ఎన్‌సీఏఏ టైటిల్ మాత్రం కాలేదు.

మారినవీ ఉన్నాయి. 2023-24 నుంచి టేక్‌డౌన్‌కు, అంటే నిలబడి ఉన్న ప్రత్యర్థిని పడగొట్టి అదుపులోకి తెచ్చుకుంటే, రెండు కాక మూడు పాయింట్లు ఇస్తున్నారు. అమ్మాయిల కుస్తీకి సొంత ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఉండాలని 2025 జనవరిలో ఆమోదించారు. జట్లు పెరుగుతున్నది ఇప్పుడు అటువైపే.

ఒక్క టేక్‌డౌన్ ఏం చేయగలదో 2025 మార్చి 22 రాత్రి ఫిలడెల్ఫియాలో జరిగిన ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లో కనిపించింది. హెవీవెయిట్ ఫైనల్లో టోక్యో ఒలింపిక్ స్వర్ణ విజేత గేబుల్ స్టీవ్‌సన్ 4-2తో ముందున్నాడు. ఆఖరి అర నిమిషంలో ఒక్లహామా స్టేట్‌కు చెందిన వయాట్ హెండ్రిక్సన్ అతన్ని పడగొట్టాడు. మూడు పాయింట్లు, 5-4.  అరీనా మొత్తం లేచి నిలబడింది.